తెల్లారినా ఆరని దీపం

పొద్దున ఆరున్నర. వేపచెట్టు మీద కాకులు లేచి చాలాసేపయింది. వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి అమ్మ ముగ్గు వేస్తోంది. ఆమెకు పైన, స్తంభానికి బిగించిన వీధిదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఎండ ముదిరేకొద్దీ దాని వెలుతురు కనిపించకుండా పోయింది గానీ దీపం మాత్రం ఆరలేదు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని మా ఊళ్లో చిన్నప్పటి నుంచీ చూసిన దృశ్యమే ఇది. అప్పట్లో దాన్ని ఎవరూ తప్పుగా అనుకునేవాళ్లు కాదు. వీధికి దీపం ఉండటమే గొప్ప. అది పగలు కూడా వెలిగితే వెలగనీ.

కొన్నేళ్ల కిందట పంచాయతీలో పనిచేసే మల్టీపర్పస్ వర్కర్‌ని అడిగాను, వీటిని పొద్దున బంద్ చెయ్యరా అని. "ఎట్ల చేస్తం? మూడో తీగ లేదు. బంద్ చేస్తే ఇండ్లల్ల కరెంటు గూడ పోతది" అన్నాడు.

మూడో తీగ అంటే వీధిదీపాల కోసమే స్తంభాల మీదుగా లాగే వేరే తీగ. అది ఉంటే ఒక చోట స్విచ్చు పెట్టి వీధి మొత్తాన్నీ ఆర్పవచ్చు. లేకపోతే దీపాన్ని ఇళ్లకు వెళ్లే తీగకే నేరుగా కలుపుతారు. ఇళ్లల్లో కరెంటు ఉన్నంతసేపూ అది వెలుగుతుంది. తెలంగాణలో ఊళ్ల బాగు కోసం తెచ్చిన పల్లెప్రగతి పనుల్లో, కరెంటు లోపాలు సరిదిద్దే ‘పవర్ వీక్’ పెట్టినప్పుడు ఊరూరా బయటపడిన లోపం ఇదే. వాతావరణ మార్పు గురించి రాయమంటే మూడో తీగ గురించి మొదలుపెట్టాడేమిటని మీరు అనుకోవచ్చు. కాగితం, పెన్సిలు తీసుకుని ఒక్క నిమిషం నాతో లెక్క వేయండి.

ఊళ్లో 200 స్తంభాలు. పాత ట్యూబులైటు చోకుతో కలిపి 50 వాట్లు తాగుతుంది. రోజంతా వెలిగితే ఊరికి 240 యూనిట్లు. రాత్రి పన్నెండు గంటలే వెలిగితే 120. ఇప్పుడు వాటిని తీసేసి 20 వాట్ల ఎల్ఈడీలు పెట్టారు. రోజంతా వెలిగితే 96, రాత్రి మాత్రమే అయితే 48. ఈ నాలుగు అంకెల్లో మధ్య రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పాత ట్యూబులైట్లనే జాగ్రత్తగా ఆర్పుకొనే ఊరు 120 యూనిట్లు వాడుతుంది. కొత్త ఎల్ఈడీలు తెచ్చి ఆర్పడం మరిచిపోయిన ఊరు 96 వాడుతుంది. కొత్త టెక్నాలజీ తెచ్చిన లాభంలో చాలా భాగం ఒక్క స్విచ్చు లేక పగటి వెలుతురులో కలిసిపోయింది.

మన గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటు తయారైతే సగటున సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి వెళ్తుంది. రోజుకు 48 యూనిట్లు వృథా అంటే ఏడాదికి 17 వేల యూనిట్లకు పైగా, 12 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఒక్క ఊరికి. తెలంగాణలో పన్నెండు వేల ఏడువందలకు పైగా గ్రామ పంచాయతీలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో అంతకంటే ఎక్కువ.

వాతావరణం మీద మాట్లాడేటప్పుడు మనం ప్యారిస్ ఒప్పందం గురించి, 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామన్న దేశం మాట గురించి మాట్లాడతాం. అవి కావలసినవే. కానీ ఉద్గారాలు పుట్టేది ఎక్కడ? వీధిదీపంలో, నీళ్ల మోటారులో, చెత్తకుప్పలో, కాలిన డాబా కింద తిరిగే ఏసీలో. వీటిలో ఎక్కువ భాగం సర్పంచి, కమిషనరు, వార్డు ఇంజనీరు చేతిలో ఉన్నవే. 1992లో రాజ్యాంగానికి చేసిన 73, 74 సవరణలు పంచాయతీలకు 29 అంశాలు, పురపాలికలకు 18 అంశాలు అప్పగించాయి. పంచాయతీల జాబితాలో తాగునీరు, సామాజిక అడవుల పెంపకం మాత్రమే కాదు, ‘సంప్రదాయేతర ఇంధన వనరులు’ కూడా ఉన్నాయి. సోలార్ అన్న మాట ఊళ్లలో ఇంకా వినపడని రోజుల్లోనే ఆ బాధ్యత కాగితం మీద పంచాయతీకి దక్కింది. కాగితం మీది నుంచి కదిలించినవాళ్లు కొందరున్నారు. వాళ్ల గురించే ఈ కథనం.

తుపాను తెచ్చిన వెలుగు

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గరే తీరం దాటింది. నగరమంతా చెట్లు పడిపోయాయి, స్తంభాలు వంగిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. కైలాసగిరి కొండ పచ్చదనం పోయి మోడులతో నిలబడింది. ఆ దెబ్బ తర్వాత వీధిదీపాలు ఎలాగూ మళ్లీ పెట్టాలి. పాత సోడియం దీపాలే పెట్టకుండా మహా విశాఖ నగరపాలక సంస్థ ఎల్ఈడీల వైపు వెళ్లింది. కేంద్ర విద్యుత్ శాఖ కింది ఎనర్జీ ఎఫిషియెన్సీ సర్వీసెస్ లిమిటెడ్ సొంత పెట్టుబడితో దీపాలు బిగించింది. కరెంటు బిల్లులో మిగిలిన డబ్బులోంచి నగరపాలక సంస్థ కొన్నేళ్లపాటు వాయిదాలు కట్టేలా ఒప్పందం. కొన్ని నెలల్లో తొంభై వేలకు పైగా దీపాలు మారాయి. దీపాల మీద ఖర్చయ్యే కరెంటు సగానికి దగ్గరగా తగ్గింది. దేశమంతటా వీధిదీపాలను మార్చే జాతీయ పథకం 2015 జనవరిలో మొదలైనప్పుడు ముందుగా చూపించుకోగలిగిన పెద్ద నగరాల్లో విశాఖ ఒకటి.

ఈ ఏర్పాటులో నాకు నచ్చింది దీపం కాదు, ఒప్పందం. మునిసిపాలిటీ దగ్గర ముందు పెట్టుబడికి డబ్బుండదు. కానీ ప్రతి నెలా కరెంటు బిల్లు కడుతూనే ఉంటుంది. ఆ బిల్లులోనే పెట్టుబడి దాగి ఉందని గుర్తించడం చిన్న విషయం కాదు.

తర్వాత 2018లో విశాఖ ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు పెట్టింది. నీళ్ల మీద పలకలు చల్లగా ఉంటాయి కాబట్టి కొంచెం ఎక్కువ కరెంటు ఇస్తాయి. వాటి నీడ కింద నీళ్లు తక్కువగా ఆవిరవుతాయి. భూమి కొనే పని లేదు. ఏడాదికి ముప్పై లక్షల యూనిట్లు అటూ ఇటూగా వచ్చే ప్లాంటు ఇది. అదే విశాఖకు దగ్గరలో, పరవాడ వద్ద ఉన్న సింహాద్రి బొగ్గు విద్యుత్ కేంద్రం సామర్థ్యం 2,000 మెగావాట్లు. రెండుకూ రెండు వేలకూ మధ్య ఉన్న దూరాన్ని దాచిపెట్టి రాస్తే పాఠకుణ్ని మోసం చేసినట్టే. నగరపాలక సంస్థ ఒక్కటే బొగ్గును ఆపలేదు. తన బిల్లును మాత్రం తగ్గించుకోగలదు, ఆ పని చేసి చూపించింది.

590 అడుగుల నుంచి మన ట్యాంకు దాకా

నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులని తెలుగువాళ్లలో చిన్న పిల్లవాణ్ని అడిగినా చెబుతాడు. అంటే సముద్రమట్టానికి 180 మీటర్లు. హైదరాబాద్ ఉన్నది 500 మీటర్లకు పైన. కృష్ణా నీళ్లు నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి, మధ్యమధ్య పంపుహౌసుల్లో ఆగి ఆగి, 300 మీటర్లకు పైగా ఎక్కి మన కుళాయికి వస్తాయి. గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వస్తాయి. అక్కడి మట్టం ఇంకా కింద, దూరం ఇంకా ఎక్కువ.

వెయ్యి లీటర్ల నీళ్లను 300 మీటర్లు ఎత్తడానికి భౌతికశాస్త్రం లెక్కన సుమారు 0.8 యూనిట్ కరెంటు కావాలి. ఇందులో పంపుల నష్టం, పైపుల రాపిడి కలపలేదు. కలిపితే యూనిట్ దాటిపోతుంది. ఇంటి మీద వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే అర కిలోకు పైగా బొగ్గు ఎక్కడో కాలిందని అర్థం. కుళాయి కింద బకెట్టు పొంగుతుంటే మా అమ్మ కేకలేసేది, నీళ్లు పోతున్నాయని. పోయేది నీళ్లొక్కటే కాదని ఈ లెక్క వేశాకే నాకు అర్థమైంది.

మన నగరాల్లో సరఫరా అయ్యే నీటిలో మూడో వంతు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ, లెక్కకు రాకుండా పోతుంది. లీకులు, దొంగ కనెక్షన్లు, పనిచేయని మీటర్లు. 300 మీటర్లు ఎత్తిన నీళ్లు రోడ్డు కింద పగిలిన పైపులోంచి మళ్లీ మట్టిలోకి జారిపోతుంటే కరెంటు కూడా వాటితోపాటే ఇంకిపోతోంది. లీకు కట్టడం కంటే చవకైన ఉద్గారాల కోత నాకు తెలిసి నగరానికి మరొకటి లేదు. దానికి రిబ్బను కత్తిరించే సందర్భం ఉండదు కాబట్టి అది ఎప్పుడూ వెనక వరుసలోనే ఉంటుంది.

ఇండోర్ కథ ఇక్కడ చెప్పాలి. ఆ నగరానికి కూడా నీళ్లు దూరం నుంచే. నర్మద 70 కిలోమీటర్ల అవతల, కింద లోయలో ఉంది. జలూద్ దగ్గర నీళ్లు తోడి పీఠభూమి మీదికి ఎక్కిస్తారు. నగరపాలక సంస్థ ఆదాయంలో పెద్ద ముక్క ఆ మోటార్ల బిల్లుకే పోయేది. 2023 ఫిబ్రవరిలో ఇండోర్ 244 కోట్ల రూపాయల కోసం గ్రీన్ బాండ్లు జారీ చేసింది. ఆ డబ్బుతో జలూద్‌లోనే 60 మెగావాట్ల సోలార్ ప్లాంటు పెట్టి మోటార్లు నడపాలని ఆలోచన. వడ్డీ 8.25 శాతం. మామూలు జనం కూడా కొనుక్కొనేలా బహిరంగంగా అమ్మిన మొట్టమొదటి మునిసిపల్ గ్రీన్ బాండ్లు దేశంలో అవే. అడిగిన దానికి దాదాపు మూడు రెట్లు, 720 కోట్ల రూపాయలు పెడతామని జనం, సంస్థలు వచ్చాయి.

హైదరాబాద్, విశాఖ నగరపాలక సంస్థలకు బాండ్లు కొత్త కాదు. 2018లోనే హైదరాబాద్ 8.9 శాతం వడ్డీకి 200 కోట్లు, విశాఖ 10 శాతానికి 80 కోట్లు మార్కెట్లో తెచ్చుకున్నాయి. హైదరాబాద్ ఆ డబ్బును ఫ్లైఓవర్ల రోడ్ల పథకానికి వాడింది. ఫ్లైఓవర్ కట్టాక దాని మీద కొత్త కార్లు వస్తాయి. పంపుహౌసు పక్కన సోలార్ పెడితే నెల నెలా బిల్లు తగ్గుతుంది, ఆ తగ్గిన బిల్లే అప్పు తీరుస్తుంది. అప్పు ఎలాగూ చేస్తున్నప్పుడు రెండోది ఎందుకు చేయలేదన్నది నా మనసును ఇప్పటికీ తొలిచే ప్రశ్న.

సూర్యాపేట బండి, బోయిన్‌పల్లి తొట్టి

మాకు దగ్గరి పట్నం సూర్యాపేట. 2000ల మొదట్లో ఆ ఊళ్లో ఒక వింత జరిగింది. వీధుల్లో చెత్తకుండీలు మాయమయ్యాయి. అప్పటి మునిసిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ హయాంలో ఇంటింటికీ బండి వెళ్లి తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా తీసుకునే పద్ధతి పెట్టారు. తడి చెత్త వానపాముల ఎరువైంది. పొడి చెత్త అమ్ముడుపోయింది. లక్ష జనాభా ఉన్న పట్టణం ఊడ్చిందంతా ఒక గుట్టగా పోసే అలవాటు మానుకుంది. దేశంలోని ఇతర మునిసిపాలిటీల వాళ్లు బస్సులెక్కి వచ్చి చూసిపోయారు. మా ఊరివాళ్లు ఎరువులకో సినిమాకో సూర్యాపేట వెళ్లి వచ్చి, ‘రోడ్లు ఎంత నున్నగున్నయో’ అని చెప్పుకొనేవాళ్లు.

అప్పుడు ఎవరూ దాన్ని వాతావరణ కార్యక్రమం అనలేదు. కానీ అసలైన వాతావరణ కార్యక్రమం అదే. అన్నం, కూరగాయల తొక్కలు, అరటి బోదెలు గుట్టగా పోస్తే లోపలికి గాలి ఆడదు. గాలి లేని చోట కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్లు. అదే తొక్కను గాలి తగిలేలా తిరగేస్తూ ఎరువు చేస్తే మీథేన్ దాదాపు పుట్టదు. మూత వేసిన తొట్టిలో కావాలనే కుళ్లబెట్టి ఆ గ్యాసును పట్టుకుంటే అది వంటకూ కరెంటుకూ పనికొస్తుంది.

తొట్టిలో పట్టుకునే పని చూడాలంటే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు పోవాలి. తెల్లవారుజామున లారీల మీద దిగే కూరగాయల్లో అమ్ముడుపోనివి, నలిగినవి, కుళ్లినవి ఒకప్పుడు ఊరి బయటి గుట్టకే వెళ్లేవి. ఇప్పుడు అక్కడే ఉన్న బయోగ్యాస్ ప్లాంటులోకి రోజుకు పది టన్నుల దాకా వెళ్తాయి. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేసిన పద్ధతి అది. కోసి, రుబ్బి, తొట్టిలోకి పంపితే రోజుకు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాసు వస్తాయి. ఆ కరెంటుతో మార్కెట్ దీపాలు వెలుగుతాయి, ఆ గ్యాసు మీద మార్కెట్ క్యాంటీన్‌లో వంట అవుతుంది. 2021 జనవరిలో ప్రధానమంత్రి తన ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో చెప్పడంతో దేశానికి తెలిసింది. నాకైతే ఆ ప్లాంటులో అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది అక్కడికి వచ్చే చెత్త రకం. అంతా కూరగాయలే. అందులో ప్లాస్టిక్ కవరు, సీసా పెంకు కలవవు. వేరు చేయడమన్న కష్టం మొదట్లోనే తీరిపోయింది.

ఇంటి చెత్త అలా రాదు. అందుకే నగరాలు మరో దారి పట్టాయి, తగలబెట్టి కరెంటు చేయడం. హైదరాబాద్ శివారు జవహర్‌నగర్‌లో ఏళ్ల తరబడి పోసిన కోటి టన్నులకు పైగా పాత చెత్తను మట్టితో, ప్లాస్టిక్ పొరతో కప్పి పైన గడ్డి పెంచారు. లోపలి నుంచి వచ్చే గ్యాసును పైపులతో పడుతున్నారు. అది మంచి పని. పక్కనే 2020లో 19.8 మెగావాట్ల ప్లాంటు నడవడం మొదలైంది. గుంటూరు, విశాఖలోనూ ఇలాంటివి వచ్చాయి. గుట్టను తగ్గించే మార్గంగా వీటిని కాదనను. కానీ వాటిలో బాగా మండేది ప్లాస్టిక్. ప్లాస్టిక్‌ను మండించడమంటే పెట్రోలియాన్ని మండించడమే. తడి చెత్త ఎక్కువున్న మన చెత్త సరిగా మండనే మండదు. దాన్ని శుభ్రమైన ఇంధనం అని పిలవడం నాకు మింగుడుపడదు. జవహర్‌నగర్ పక్కనున్న దమ్మాయిగూడ వైపు ఇళ్లలో సాయంత్రం కిటికీలు మూసుకునే కుటుంబాలకు ఆ మాట ఇంకా మింగుడుపడదు.

మళ్లీ సూర్యాపేట దగ్గరికే వస్తాం. వేరు చేయడం ఇంట్లో జరగాలి. ఇంట్లో వేరు చేసినదాన్ని బండి వేరుగా తీసుకెళ్లాలి. మీ వీధిలోనూ చూసే ఉంటారు, మీరు రెండు బుట్టల్లో ఇచ్చినదాన్ని బండిలో ఒకే అరలోకి ఒంపేయడం. ఆ ఒక్క ఒంపు వంద ఇళ్ల శ్రమను వృథా చేస్తుంది. తర్వాతి రోజు నుంచి ఆ వంద ఇళ్లు కూడా వేరు చేయడం మానేస్తాయి. ఈ గొలుసు నిలబడాలంటే రోజూ బండి రావాలి, బండి నడిపే మనిషికి నెల నెలా జీతం రావాలి. ఆ డబ్బు ఎక్కడిది? ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఇంటింటికీ చెత్త పన్ను పెట్టారు. జనం మండిపడ్డారు. 2024 అక్టోబరు 2న దాన్ని రద్దు చేస్తున్నట్టు ముఖ్యమంత్రి ప్రకటించారు. అదే రోజు, రాష్ట్రంలో పేరుకుపోయిన 85 లక్షల టన్నుల పాత చెత్తను తొలగించాలని కూడా చెప్పారు. పేదల మీద పన్ను తీసేయడాన్ని నేను సమర్థిస్తాను. ఆ ఖర్చు ఎవరో ఒకరు భరించాలన్నది మాత్రం అక్కడే ఉండిపోయింది.

సున్నం పూసిన డాబా

ఎండ గురించి క్లుప్తంగా చెబుతాను, దాని మీద చాలా రాశారు కాబట్టి. 2010 మేలో అహ్మదాబాద్‌లో ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలకు చేరింది. ఆ నెలలో మామూలుగా కంటే 1,344 మంది ఎక్కువగా చనిపోయారని తర్వాత లెక్క తేలింది. ఆ నగరపాలక సంస్థ 2013లో దక్షిణాసియాలోనే మొదటి వడగాలుల కార్యాచరణ ప్రణాళిక రాసుకుంది. ముందు హెచ్చరిక పంపడం, ఆసుపత్రులను సిద్ధం చేయడం, పనివేళలు మార్చడం, చలివేంద్రాలు పెట్టడం. ఖరీదైన పనులేమీ కావు. ఏడాదికి సగటున 1,190 ప్రాణాలు నిలిచాయని తర్వాత చేసిన అధ్యయనం అంచనా వేసింది. 2015లో మన రెండు రాష్ట్రాల్లో దాదాపు రెండు వేల మందిని వడదెబ్బ తీసుకుపోయింది. ఆ ఏడు మా ఊళ్లో పత్తి చేనుకు పోయి తిరిగి రాని మనిషి ముఖం నాకు ఇంకా గుర్తుంది.

తెలంగాణ 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు దాన్ని తప్పనిసరి చేసింది. ఐదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు చల్లబడాలని లక్ష్యం, అందులో 200 హైదరాబాద్‌లోనే. ఎండను వెనక్కి కొట్టే తెల్ల రంగో, పలకలో, పొరో వేస్తే లోపల కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. ఏసీ ఉన్న ఇంట్లో కరెంటు మిగులుతుంది. ఏసీ లేని రేకుల ఇంట్లో ముసలమ్మకు మధ్యాహ్నం నిద్ర పడుతుంది. రాయలసీమలో, పల్నాడులో వేసవి వస్తోందంటే డాబా మీద సున్నం పూసిన తాతలకు ఇది కొత్తగా చెప్పాల్సిన విషయం కాదు. అయితే ఈ విధానం తప్పనిసరి చేసింది పెద్ద ఇళ్లకు. ఎక్కువ కాలేది చిన్న ఇళ్లు.

చెట్టుకు యాభై రూపాయలు

2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 పురపాలక చట్టం ద్వారా తెలంగాణ ఒక కొత్త పని చేసింది. ప్రతి పంచాయతీలో నర్సరీ ఉండాలి. స్థానిక సంస్థల బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పోవాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే బాధ్యులు జవాబు చెప్పాలి. ఊరూరా ట్రాక్టరు, ట్యాంకరు వచ్చాయి. వేసవిలో రోడ్డు పక్క మొక్కలకు ట్యాంకరుతో నీళ్లు పోయడం మన పల్లెల్లో అంతకు ముందు నేను చూడలేదు. మా ఊరి రోడ్డు నిజంగానే నీడపట్టు అయింది. లోపాలూ ఉన్నాయి. 85 శాతం బతికించాలన్న భయంతో త్వరగా పెరిగే, పశువులు ముట్టని కోనోకార్పస్‌ను ఎక్కడపడితే అక్కడ నాటారు. దాని మీద పక్షులు పెద్దగా గూడు కట్టవు, తినే కాయ లేదు, పండు లేదు. దాన్ని నాటొద్దని తర్వాత ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. మొక్కల లెక్క అడిగితే మొక్కలొస్తాయి. ఏ మొక్కలో కూడా అడగాలి.

కేరళ వయనాడ్‌లోని మీనంగాడి పంచాయతీ వేరే ప్రశ్నతో మొదలుపెట్టింది. మన ఊరు ఏడాదికి ఎంత పొగ వదులుతోంది, మన చెట్లు, మట్టి ఎంత పీల్చుకుంటున్నాయి? 2016 పర్యావరణ దినోత్సవం నాడు మొదలైన ఆ పనిలో తణల్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుంది. ఇంటింటికీ తిరిగి లెక్క వేశారు. వదిలేది 33 వేల టన్నులకు పైగా, పీల్చుకునేది 22 వేల టన్నుల దగ్గర. లోటు 11 వేల టన్నులు. ఊరికి తన లోటు తెలిసింది. మన దేశంలో ఎన్ని పంచాయతీలు తమ లోటును టన్నుల్లో చెప్పగలవు?

లోటు పూడ్చడానికి వాళ్లు చెట్టును బ్యాంకులో పెట్టారు. రైతు తన పొలంలో మొక్క నాటి పెంచితే చెట్టుకు ఏడాదికి యాభై రూపాయల చొప్పున పదేళ్లపాటు వడ్డీ లేని అప్పు ఇస్తారు. చెట్టు నిలబడి ఉన్నంతకాలం ఆ అప్పు తీర్చే పని లేదు. కొట్టేస్తే తీర్చాలి. అప్పటి ఆర్థిక మంత్రి థామస్ ఐజాక్ పట్టించుకోవడంతో ప్రభుత్వం పది కోట్ల రూపాయలు ఇచ్చింది. కూతురి పెళ్లికో, పిల్లాడి ఫీజుకో రైతు చెట్టు అమ్ముకుంటాడు, కోపంతో కొట్టడు. యాభై రూపాయలు ఎక్కువేమీ కాదు. కానీ నిలబడిన చెట్టుకు ధర కట్టిన పంచాయతీ ఇది. మనం ఇన్నాళ్లూ ధర కట్టింది పడిపోయిన చెట్టుకే.

గాలిమర కొన్న పంచాయతీ

కోయంబత్తూరు జిల్లాలో మేట్టుపాళయం దగ్గర ఒడంతురై అనే పంచాయతీ ఉంది. 1996 నుంచి 2006 దాకా ఆర్. షణ్ముగం అధ్యక్షుడు. కరెంటు బిల్లు పెరుగుతోంటే ఆయన సోలార్ వీధిదీపాలు పెట్టాడు, కట్టెపొట్టుతో నడిచే గ్యాసిఫయర్‌తో తాగునీటి మోటారు నడిపాడు. 2006లో ఆ పంచాయతీ ఏకంగా 350 కిలోవాట్ల గాలిమర కొనేసింది. ఖరీదు కోటి యాభై అయిదు లక్షలు. అందులో నలభై లక్షలు పంచాయతీ సొంత పొదుపు, మిగిలింది బ్యాంకు అప్పు. ఊళ్లో గాలి చాలదు కాబట్టి బాగా గాలి వీచే ఉడుమలైపేట వైపు దాన్ని నిలబెట్టారు. అక్కడ పుట్టిన కరెంటు గ్రిడ్‌లో కలుస్తుంది, ఊరు వాడుకున్నంత తీసివేసి మిగతాదానికి విద్యుత్ బోర్డు డబ్బు చెల్లిస్తుంది. ఏడాదికి ఆరు లక్షల యూనిట్లకు పైగా వస్తే ఊరికి కావలసింది నాలుగున్నర లక్షలు. మిగులు అమ్మి బ్యాంకు అప్పు తీర్చారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా మా వైపు సర్పంచులు ఒకే ప్రశ్న అడుగుతారు, "నలభై లక్షలు పంచాయతీ ఖాతాల ఎట్లున్నయన్నా?" సరైన ప్రశ్న. తన పన్నులు తాను వసూలు చేసుకుని, తన ఖాతాలో ఉంచుకుని, తన ఇష్టం మేరకు అప్పు చేయగలిగిన పంచాయతీకే గాలిమర సాధ్యమైంది. మన దగ్గర పల్లెప్రగతిలో సొంత డబ్బు, అప్పు తెచ్చిన డబ్బు పెట్టి పనులు చేసిన సర్పంచులు బిల్లుల కోసం ఏళ్లపాటు తిరిగారు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ పంచాయతీల పదవీకాలం ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. మధ్యలో దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన, పాలకవర్గం లేదని ఆగిన కేంద్ర నిధులు. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో 480 ఇళ్ల మీద సోలార్ పలకలు పెట్టి 2025లో పూర్తి సౌర గ్రామమని ప్రకటించారు. సంతోషించాను. అది ముఖ్యమంత్రి సొంత ఊరు. మిగతా పన్నెండు వేల ఊళ్ల పంచాయతీ తీర్మానానికి అంత చేవ ఎప్పుడు వస్తుందన్నది నా ఆత్రం.

డబ్బు, అధికారం ఉన్నా చేయి దాటే పనులుంటాయి. 2025 నాటికి కార్బన్ తటస్థ నగరమవుతామని 2012లోనే ప్రణాళిక వేసుకున్న కోపెన్‌హాగన్ 2022 ఆగస్టులో ఆ గడువు అందుకోలేమని ఒప్పుకుంది. చెత్త మండించే ప్లాంటు పొగలోంచి కార్బన్‌ను పట్టే యంత్రానికి ప్రభుత్వ నిధులు రాలేదు. మిగతా పనులు మాత్రం ఆపలేదు. తేదీ తప్పినా సైకిలు దారులు, వేడినీళ్ల పైపులు అక్కడే ఉన్నాయి.

మొన్న సంక్రాంతికి ఊరికి వెళ్లాను. పల్లెప్రగతి రోజుల్లోనే మా వీధికి మూడో తీగ వేశారు. బడి గోడకు స్విచ్చు పెట్టె బిగించారు. దానికి టైమరు కూడా పెట్టారు గానీ అది రెండో వానాకాలానికే పాడైంది. అందుకని ఆ మల్టీపర్పస్ వర్కరే పొద్దున సైకిలు మీద వచ్చి స్విచ్చు దించుతాడు, సాయంత్రం వచ్చి ఎత్తుతాడు. భోగి మంట ఇంకా ఆరని ఆ తెల్లవారుజామున అతనితో పాటు నడిచాను. జీతం మూడు నెలల నుంచి రాలేదన్నాడు. పండగకు కోడలు, పిల్లలు వచ్చారట. "రాకున్నా ఎట్లరా మానుత? పొద్దుగాల లైట్లు మండుతుంటే నాకే సిగ్గనిపిస్తది" అన్నాడు, నాకంటే పదేళ్లు పెద్దవాడు.

పెట్టె తెరిచి స్విచ్చు దించాడు. మా వీధి, కుమ్మరి వాడ, గుడి ముందు వరుస ఒకేసారి ఆరిపోయాయి. చెరువు కట్ట కింద కొత్తగా లేచిన ఇళ్ల వైపు మాత్రం దీపాలు అలాగే ఉన్నాయి. అటు ఇంకా తీగ వేయలేదు. కొత్తగా గెలిచిన సర్పంచి ఎస్టిమేటు వేయించాడట, బిల్లు ఎవరిస్తారో తేలాలట. కట్ట మీద నిలబడి లెక్కపెట్టాను. ఇరవై మూడు.